అలేవీ మార్గంలో మెట్టు ఎక్కించేది ఇరుగుపొరుగే

సంపాదకులకు,

మీ ఆదివారం ఆధ్యాత్మిక పుటలో టర్కీలోని అలేవీ మతశాఖవారి ‘నాలుగు ద్వారాలు, నలభై మెట్లు’ అనే సాధనమార్గం గురించి వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ విషయం రాసేవాళ్లే అరుదు, అందుకు సంతోషం. అయితే అందులో మూడు పొరపాట్లు దొర్లాయి. మూడోది మాత్రం సర్దుకుపోదగ్గది కాదు.

మొదటి రెండూ క్లుప్తంగా. వ్యాసం ఇద్దరినీ ఒకటిగా కలిపేసింది కానీ, టర్కీ అలేవీలు వేరు, సిరియా అలవీలు వేరు. ప్రవక్త ముహమ్మద్ అల్లుడు హజ్రత్ అలీ మీద భక్తి ఇద్దరికీ ఉన్నా గురుపరంపర, ఆచారం కలవవు. వ్యాసం పక్కన వేసిన తెల్లంగీల బొమ్మ కొన్యా నగరంలోని మెవ్లేవీ అనే వేరే సూఫీ పరంపర దర్వేషులది. అలేవీల ఆరాధన నృత్యమైన సెమహ్‌లో ఆడా మగా కలిసి సాజ్ వాద్యం లయకు తిరుగుతారు. 2010లో యునెస్కో జాబితాకెక్కింది ఈ సెమహే.

ఇక అసలు సంగతి. నలభై మెట్లను మీ వ్యాసకర్త ధ్యానంలో తరగతుల్లా చూపించారు, ఎవరికి వారు కూర్చుని ఎక్కేసేటట్టు. 13వ శతాబ్దపు సూఫీ గురువు హాజీ బెక్తాష్ వలీ పేరు మీద నడిచే ఈ బోధలో ద్వారాలు షరియత్ (ధర్మవిధి), తరీఖత్ (సాధనమార్గం), మారిఫత్ (జ్ఞానం), హకీఖత్ (సత్యం). ఒక్కోదానికి పది మెట్లు. మొదటిదాంట్లో విశ్వాసం, చదువు, న్యాయమైన సంపాదన వంటివి. రెండోదాంట్లో గురువు చేయి పట్టడం. మూడోదాంట్లో ఓర్పు, దానగుణం, తన్ను తానెరగడం. నాలుగోదాంట్లో మట్టిలాంటి అణకువ, డెబ్భై రెండు జాతులనూ ఒకే చూపుతో చూడటం. ఈ పట్టికలు గ్రంథానికో రకంగా ఉంటాయి, కంఠతా పట్టి లాభం లేదు. నిత్యజీవితానికి వాళ్లు చెప్పుకునేది మూడే: చేయి, నాలుక, నడుము అదుపులో ఉండాలి. అంటే దొంగతనం, అబద్ధం, వ్యభిచారం కూడవు.

అదుపులో ఉన్నాయో లేవో తేల్చేదెవరు? ఇక్కడే ఈ మార్గం ప్రత్యేకత. రెండో ద్వారంలో అడుగుపెట్టాలంటే చాలా ప్రాంతాల్లో ముసాహిబ్ ఉండాలి. పెళ్లయిన రెండు జంటలు జీవితాంతం తోబుట్టువులుగా కట్టుబడటమే ముసాహిబ్ బంధం. భార్యల సమ్మతి లేకపోతే ఆ బంధం కుదరదు. కుదిరాక ఒకరి అప్పు, ఒకరి తప్పు ఇంకొకరి మీదా పడతాయి. వాళ్ల పిల్లల మధ్య పెళ్లి నిషిద్ధం.

ఏడాదికోసారి, పల్లెల్లో అయితే పంట పనులు ముగిసిన చలికాలంలో, గోర్గు జెమ్ అనే సభ జరుగుతుంది. దెదె అనే గురువు సమక్షంలో, జనం ఎదురెదురుగా కూర్చున్న చోట, సాధకులు నడిమధ్యకు వచ్చి కుడి కాలి బొటనవేలు ఎడమ కాలి బొటనవేలి మీద ఆనించి నిలబడతారు. ఆ నిలబడే చోటును 922లో బాగ్దాదులో మరణశిక్ష పడిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరుతో పిలుస్తారు. దెదె సభను అడుగుతాడు: వీళ్ల పట్ల మీకు సమ్మతమేనా? కాణిపాకంలో ప్రమాణం చేసినవాడు స్వామికి జవాబుదారీ. ఇక్కడ జవాబు పక్కింటివాళ్ల నోట రావాలి. బాకీ ఉందంటే తీర్చాలి, పొలం గట్టు జరిపాడంటే మళ్లీ వెనక్కి జరపాలి, అలిగినవాళ్లుంటే రాజీపడాలి. అది తెమలకపోతే ఆరాధన ముందుకు సాగదు. హత్య, కారణం లేకుండా భార్యను వదిలేయడం వంటి వాటికి ‘దుష్కున్’ శిక్ష. పలకరింపులుండవు, సభలోకి రానివ్వరు, ఇచ్చిపుచ్చుకోవడాలూ ఆగిపోతాయి. తీవ్రతను బట్టి గడువుంటుంది. కొన్ని తప్పులకు జీవితాంతం.

జెమ్‌లో పన్నెండు సేవలుంటాయి: దీపం వెలిగించేవారు, ఊడ్చేవారు, నీళ్లిచ్చేవారు, పాడేవారు, తలుపు దగ్గర కాపలా, ఇలా. చివర లోక్మా అనే ప్రసాదం పంచాక, అందరికీ సమంగా అందిందా అని మళ్లీ సమ్మతి అడిగాకే తినడం.

ఇందులో లోపం లేదని కాదు. వెలి అనే శిక్ష ఎంత క్రూరంగా మారగలదో మన పల్లెలెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇప్పటి చిక్కు మరో రకం. 1925లో టర్కీ చట్టం తెక్కేలను, అంటే సూఫీ మఠాలను, మూయించాక గురువుల రాకపోకలు చాటుమాటున సాగాయి. తర్వాత జనం ఇస్తాంబుల్, అంకారాలకూ జర్మనీకీ వలసపోయారు. ఊళ్లో ఎవరి గుట్టు ఎవరికి తెలియదు? నగరంలో జెమెవీకి, అంటే జెమ్ జరిపే భవనానికి, వచ్చే వందల మందిలో పక్కవాడి పేరే తెలియదు, ఇంక వాడి మీద ఫిర్యాదేముంటుంది? ‘సమ్మతమేనా’ అంటే అందరూ ‘సమ్మతమే’ అనేస్తారు. పరీక్ష తంతుగా మిగిలేది అక్కడే. అందుకే కొందరు దెదెలు చిన్న చిన్న బృందాలకు విడిగా గోర్గు జరుపుతున్నారు. మాకు అదే సరైన దారి అనిపిస్తుంది.

టర్కీలోని కప్పడోసియా యాత్రకు వెళ్లే తిరుపతివాళ్లకు ఒక సూచన. హాజీబెక్తాష్ పట్టణం ఆ నెవ్‌షెహిర్ రాష్ట్రంలోనే ఉంది. ఆయన దర్గా 1964 నుంచి మ్యూజియం. ఆగస్టు నడుమ జరిగే ఉత్సవంలో సెమహ్‌ను ఎవరైనా చూడవచ్చు. గోర్గు మాత్రం ప్రదర్శన కాదు, లోపలికి రమ్మని పిలవకపోతే అడగకండి, కెమెరా తీయకండి.

— మతచరిత్ర పాఠకులు కొందరు, తిరుపతి