హోటళ్లలో మిస్టరీ షాపింగ్: ఎవరికి గిట్టుబాటు?

సంపాదకులకు నమస్కారం.

‘హోటల్‌కు వెళ్లండి, కడుపునిండా తినండి, పైగా మేమే డబ్బిస్తాం’ అనే ప్రకటనలు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చదువుకుంటున్న పిల్లలు, ఇంటిపట్టున ఉండే గృహిణులు వాటిని చూసి ఆశపడుతున్నారు. రెండు మూడు బ్రాంచీలు తెరిచిన హోటల్ యజమానులు కూడా ఇలాంటి ‘మిస్టరీ షాపర్ల’ను పంపే ఏజెన్సీలతో మాట్లాడుకుంటున్నారు. పెట్టిన సమయం, ఖర్చు తిరిగి వస్తాయా అన్నది ఇద్దరి ప్రశ్నా. తినడానికి వెళ్లేవారికి ఇది ఉపాధి కాదు. యజమానికి మాత్రం ఉపయోగపడుతుంది, అదీ సరైన ప్రశ్నలు అడిగి, తగినన్నిసార్లు పంపితేనే.

పద్ధతి తెలియనివారి కోసం రెండు మాటలు. షాపర్ మామూలు కస్టమర్‌లా వెళ్తాడు. ఏజెన్సీ చెప్పిన రోజున, చెప్పిన వేళలో, చెప్పిన ఐటమ్‌లే ఆర్డర్ చేస్తాడు. తన డబ్బుతో బిల్లు కట్టి, ఇంటికొచ్చి రిపోర్టు రాస్తాడు. రిపోర్టు పాసైతే బిల్లు సొమ్ము ఒక పరిమితి వరకు వెనక్కి వస్తుంది, దాని మీద కొంత ఫీజు. ఆ డబ్బు చేతికి రావడానికి నెల, రెండు నెలలు పట్టడం మామూలే.

ఉదాహరణకు ఇద్దరి భోజనానికి 600 రూపాయల పరిమితి, 250 రూపాయల ఫీజు అనుకుందాం. పరిమితిలో జీఎస్టీ కూడా కలిసి ఉంటుంది. 5 శాతం పన్ను పడే హోటల్లో మెనూ ధరల మొత్తం 571 దాటితే మిగతాది జేబులోంచి పోయినట్టే. సూచనల పత్రం చదివి గుర్తుపెట్టుకోవడానికి అరగంట, రానుపోను గంట, తినడానికి గంటంబావు, రిపోర్టుకు గంటా నలభై అయిదు నిమిషాలు. అంటే నాలుగున్నర గంటలు. తిన్న సమయం వదిలేసినా మూడుంబావు గంటల పని. 250లో పెట్రోలుకు 80 పోతే మిగిలేది 170. గంటకు 52 రూపాయలు. చెయ్యి తిరిగాక రిపోర్టు గంటలోపే అయిపోవచ్చు, కానీ ఫీజు మాత్రం పెరగదు. పైగా ఒక్క రిపోర్టు తిరస్కరణకు గురైతే పోయే 600 రూపాయలు మూడున్నర విజిట్ల మిగులుతో సమానం. ఎలాగూ ఆ హోటల్‌కే వెళ్లాలనుకున్నవారికి, రాయడం ఇష్టమున్నవారికి ఇది నెలకోసారి దొరికే మంచి భోజనం. అంతకుమించి ఆశించకూడదు.

రిపోర్టులు ఎందుకు తిరస్కరిస్తారో ముందే తెలుసుకుంటే సగం నష్టం తప్పుతుంది. ఇచ్చిన వేళకు పది నిమిషాలు ముందో వెనకో వెళ్లడం, ఒకే పేరున్న రెండు బ్రాంచీల్లో వేరేదానికి వెళ్లడం, స్టార్టర్ చెప్పమంటే సూప్ చెప్పడం, బిల్లు ఫొటోలో తేదీ, టైము కనిపించకపోవడం తరచూ జరిగే తప్పులు. అన్నిటికంటే పెద్ద తప్పు టైములు ఊహించి రాయడం. లోపలికి అడుగు పెట్టాక ఎన్ని నిమిషాలకు పలకరించారు, కూర్చున్నాక నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఆర్డర్ ఎప్పుడు తీసుకున్నారు, మొదటి ప్లేటు, చివరి ప్లేటు ఎప్పుడొచ్చాయి, బిల్లు అడిగాక ఎంతసేపటికి తెచ్చారు అని వరసగా అడుగుతారు. బిల్లు మీద దాన్ని తీసిన టైము ఉంటుంది. వంటగదికి వెళ్లిన కేఓటీ (ఆర్డర్ చీటీ) టైము హోటల్ కంప్యూటర్లో ఉంటుంది. ఊహించి రాసిన అంకె వాటితో పోల్చగానే దొరికిపోతుంది. టైము రాసుకోవడానికి సులువైన దారి వాట్సాప్‌లో మీకు మీరే ‘నీళ్లు’, ‘ఆర్డర్’, ‘బిర్యానీ’ అని మెసేజ్ పెట్టుకోవడం. ప్రతి మాట పక్కనా టైము దానంతటదే పడుతుంది, చూసేవారికి చాటింగ్ చేస్తున్నట్టే ఉంటుంది. స్టాప్‌వాచ్ తెరిచి బల్ల మీద పెడితే సర్వర్ వెంటనే పసిగడతాడు.

రాసే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. ‘సర్వర్ మర్యాదగా లేడు’ అంటే ఏజెన్సీలో రిపోర్టులు సరిచూసే ఎడిటర్ ఒప్పుకోడు. ‘నీళ్లు రెండుసార్లు అడిగాను, రెండోసారి అడిగిన ఆరు నిమిషాలకు తెచ్చాడు, ఆర్డర్ తీసుకునేటప్పుడు ఫోన్ చూస్తున్నాడు’ అని రాయాలి. పైన ‘టేబుల్ శుభ్రంగా ఉంది’ దగ్గర అవును అని టిక్కు పెట్టి, కింద ‘సాంబారు మరక ఉంది’ అని రాస్తే రిపోర్టు వెనక్కి వస్తుంది.

మోసాల గురించి గట్టిగా చెప్పక తప్పదు. నిజమైన ఏజెన్సీ చేరడానికి డబ్బు అడగదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, సర్టిఫికెట్ అన్న మాట రాగానే అక్కడితో ఆపేయాలి. హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలంటూ మొదట వందా రెండొందలు నిజంగానే వేసి, తర్వాత ‘ముందు మీరు డిపాజిట్ కడితే పెద్ద టాస్క్ వస్తుంది’ అనడం టెలిగ్రామ్ మోసాల్లో పాత ఎత్తు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకుల్లో ఆపే అవకాశం అంత ఎక్కువ. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు అక్కడ మరో రూపంలో వల పడుతుంది. పోస్టులో చెక్కు పంపి, ఖాతాలో వేసుకుని, గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపమంటారు. కొన్నాళ్లకు చెక్కు నకిలీదని తేలి, బ్యాంకు ఆ మొత్తాన్ని విద్యార్థి దగ్గరే వసూలు చేస్తుంది. అసలు ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా కాలేజీ బయట డబ్బుకు ఏ పని చేసినా వీసా నిబంధన ఉల్లంఘించినట్టే. మిస్టరీ షాపింగ్ అందులోకే వస్తుంది.

ఇక యజమానుల సంగతి. నెలకు ఒక విజిట్ చేయించి, వచ్చిన మార్కులు చూసి మేనేజర్‌ను మెచ్చుకోవడమో మందలించడమో చేస్తుంటారు. ఆ ఒక్క విజిట్ దాదాపు ఏమీ చెప్పదు. పది టేబుళ్లలో ఒకదానికి బిల్లు ఇవ్వకుండా డబ్బు తీసుకుంటున్నారనుకోండి. ఒక షాపర్‌కు అది ఎదురయ్యే అవకాశం 10 శాతం. నలుగురిని పంపితే కనీసం ఒకరికి కనబడే అవకాశం 34 శాతం. 95 శాతం నమ్మకం కావాలంటే 29 విజిట్లు కావాలి. ఒక్క బ్రాంచి ఉన్నవారికి అది మోయలేని ఖర్చు. అదే పది బ్రాంచీలున్న సంస్థ నెలకు బ్రాంచికి నాలుగు చొప్పున నలభై విజిట్లు చేయించి అన్నీ కలిపి చదివితే, శిక్షణలో ఎక్కడ లోపముందో స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆ నలభైని విడదీసి ఏ బ్రాంచికి ర్యాంకు ఎంత అని గోడకు అంటించడం మొదలుపెడితే మళ్లీ అదృష్టాన్నే కొలుస్తున్నట్టు.

మార్కులు వేసే పద్ధతి ఇంకో చిక్కు. యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. పళ్లెంలో వెంట్రుక వస్తే రెండు మార్కులు పోతాయి, మిగతావన్నీ బాగుంటే 98 వస్తాయి. ‘డెజర్ట్ ఏమైనా తీసుకుంటారా’ అని అడగకపోయినా పోయేది అదే రెండు. ఈ రెండూ ఒకటే అనే హోటల్లో ఎవరూ తినకూడదు. ప్రశ్నలు ఇరవై, ఇరవై అయిదుకు తగ్గించాలి. తిండి శుభ్రత, బిల్లు, అలర్జీలకు సంబంధించినవి విడిగా పెట్టి, వాటిలో ఒక్కటి తప్పినా ఆ విజిట్ ఫెయిలనే లెక్కించాలి.

అలర్జీ ప్రశ్న గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ‘ఈ గ్రేవీలో జీడిపప్పు, పల్లీలు ఉన్నాయా’ అని షాపర్ చేత అడిగించండి. కనుక్కొచ్చి చెబుతానంటూ సర్వర్ వంటగదిలోకి వెళ్తే మంచి సంకేతం. ‘ఏం లేవండీ’ అని నిలబడినచోటే చెబితే ఆ రిపోర్టు ఆ రోజే యజమాని చేతికి రావాలి.

కస్టమర్ కళ్లు మాత్రమే చూడగలిగే విషయాలకే ఈ డబ్బు ఖర్చు పెట్టాలి. అడిగితే మామూలు తాగునీళ్లు ఇస్తున్నారా, బాటిల్ అంటగడుతున్నారా? బిల్లులో సర్వీస్ ఛార్జి ముందే వేసేశారా? దాన్ని తప్పనిసరి చేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబర్ ఉందా? 2022 జనవరి నుంచి అది ఉండాల్సిందే. ఆర్డర్ తయారవడానికి పట్టిన సమయం లాంటివి కేఓటీ లెక్కల్లోనే దొరుకుతాయి. వాటి కోసం మనిషిని పంపి డబ్బు కట్టడం దండగ.

వంటగది లోపలి సంగతి షాపర్‌కు ఎప్పటికీ తెలియదు. 2024 నుంచి హైదరాబాద్ హోటళ్లలో ఫుడ్ సేఫ్టీ బృందాలు చేస్తున్న తనిఖీల్లో గడువు తీరిన సరుకులు, లేబుళ్లు లేని ప్యాకెట్లు బయటపడ్డాయి. అవి అధికారులు వంటగదిలోకి వెళ్తేనే దొరికాయి. అదే ఏడాది అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పళ్లెంలోకి వచ్చిన మయోనైజ్‌లో పచ్చి గుడ్డు ఉందో లేదో రుచి చూసి ఎవరూ చెప్పలేరు. వేయించే నూనెలో, పదేపదే కాచినకొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటకూడదు, అది తెలియాలంటే మీటర్ ముంచాలి. ‘మాకు మిస్టరీ ఆడిట్‌లో 95 వచ్చాయి’ అనే బోర్డు చూసి వంటగది శుభ్రమని నమ్మడం పొరపాటు.

వెళ్లే వేళ కూడా ఆలోచించి పెట్టాలి. షాపర్లకు వీలైనది శని, ఆదివారాల రాత్రి. ఆ వేళలో యజమాని కౌంటర్లోనే ఉంటాడు, సిబ్బంది అంతా డ్యూటీలో ఉంటారు. తప్పులు జరిగేది మధ్యాహ్నం మూడు, అయిదు గంటల మధ్య షిఫ్టు మారేటప్పుడు, రాత్రి మూసేముందు అరగంటలో, యజమాని పెళ్లికో ఊరికో వెళ్లిన రోజున. విజిట్లలో సగమైనా ఆ వేళల్లో పెట్టమని ఏజెన్సీకి రాసివ్వాలి. ఆ వేళకు వెళ్లడానికి ఫీజు ఎక్కువ అడుగుతారు, ఇవ్వడమే మేలు.

చిన్న టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లకు ఏజెన్సీ అక్కర్లేదు. పార్శిల్ పరీక్ష చాలు. సిబ్బందికి ముఖపరిచయం లేని ఇద్దరు ముగ్గురి చేత ఒక వారంలో అయిదు వేర్వేరు వేళల్లో ఒకే ఐటమ్ పార్శిల్ తెప్పించండి. గ్రాముల్లో చూపించే వంటింటి తూకం, చువ్వ గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే సరిపోతుంది. డబ్బా బరువు తీసేసి, బిర్యానీ అయితే అన్నం, ముక్కలు వేరుగా తూయాలి. వేడి కౌంటర్ దగ్గరే చూడాలి, ఇంటికి తెచ్చాక చూస్తే దారిలో చల్లారినదాన్ని లెక్కేసినట్టవుతుంది. వేడిగా ఉంచాల్సిన పదార్థం 60 డిగ్రీలకు తగ్గకూడదు. అయిదు పార్శిళ్ల బరువు దగ్గరదగ్గరగా ఉంటే గరిటె కొలత సరిగ్గా ఉన్నట్టు. ఉదయం 450 గ్రాములు, రాత్రి 360 అయితే మనిషి తప్పనుకోకండి. కొలత పాత్ర లేకుండా చేతి అంచనాతో వడ్డిస్తున్నారని అర్థం. చట్నీ, సాంబారు, ఉల్లిపాయ ప్యాకెట్లు లెక్కపెట్టండి. స్టేపుల్ పిన్ను కొట్టారా చూడండి. ఇడ్లీ, వడ కింద వార్తాపత్రిక పరిచారా చూడండి, అచ్చు సిరా తిండికి అంటుతుంది కాబట్టి 2018 ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని నిషేధించాయి.

చివరిగా సిబ్బంది విషయం, ఎందుకంటే ఈ ఏర్పాటు చాలాచోట్ల చెడిపోయేది ఇక్కడే. రిపోర్టు చూసి జీతం కోసిన మరునెల నుంచి సర్వర్ల పని షాపర్‌ను గుర్తుపట్టడమే అవుతుంది. స్టార్టర్, మెయిన్ కోర్సు, డెజర్ట్ లెక్క ప్రకారం చెప్పేవారు, తినకముందే వాష్‌రూమ్ చూసొచ్చేవారు, బిల్లును రెండుసార్లు ఫొటో తీసేవారు వాళ్ల కంట్లో పడతారు. ఆ టేబుల్‌కు రాజభోగం, పక్క టేబుల్‌కు అదే నిర్లక్ష్యం. తక్కువ మార్కులు వేస్తే బ్రాంచి మేనేజర్ అభ్యంతరాలు పెడతాడు, ఏజెన్సీ మళ్లీ మళ్లీ వివరణ అడుగుతుంది. అది భరించలేక షాపర్లు కూడా మెత్తబడి మంచి మార్కులు వేసేస్తారు. కాబట్టి రిపోర్టులో సర్వర్ పేరు కొట్టేసి, రెండు రోజుల్లోపు షిఫ్టు మొత్తానికి చదివి వినిపించాలి. ఆలస్యమైతే ఎవరికీ ఆ రోజు గుర్తుండదు. వివాదం వస్తే చూసుకుందామన్నా సీసీటీవీ రికార్డింగు చాలాచోట్ల కొద్దివారాలకే చెరిగిపోతుంది. డబ్బు తేడాలాంటి తీవ్రమైన విషయమైతే ఒక్క రిపోర్టుతో ఎవరినీ ఉద్యోగంలోంచి తీయకండి. అదే వేళకు, వేరే మనిషిని కనీసం మరో రెండుసార్లు పంపి, ఆ రోజుల కేఓటీలను బిల్లులతో సరిపోల్చి చూడండి. రద్దు చేసిన కేఓటీలు ఎవరి లాగిన్ నుంచి వెళ్లాయో అందులోనే కనబడుతుంది.

ఇట్లు,
హోటల్ సర్వీసు ఆడిట్ రంగంలో పనిచేస్తున్న మీ పాఠకులు,
విజయవాడ