చంటోడి చేతి మీద గీత

అంబాజీపేట,
ఆదివారం రాత్రి

చి. సౌ. అమ్మలుకి నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేము క్షేమం. ఈ ముసురుకి మీ అమ్మ మోకాలు కొంచెం పట్టేసింది, అంతే. కొబ్బరిచెట్ల మొదళ్లలో నీళ్లు నిలిచిపోతున్నాయి, కాలవలోకి బోదె తీయించాలి. చిన్నాన్న రేపు మొదటి బస్సుకి భీమవరం వస్తున్నాడు కదా అని కంద, బచ్చలి, నాలుగు కాయలు, ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. మూడు రోజులుగా ఫోను చేస్తే "తర్వాత చేస్తా నాన్నా" అని పెట్టేస్తున్నావు. కాగితమైతే తీరిగ్గా చదువుకుంటావు.

రాట్‌వీలర్ కుక్కపిల్లని తెచ్చారని మీ చిన్నత్త చెప్పింది. అల్లుడుగారు రాత్రుళ్లు రొయ్యల చెరువుల మీదే ఉంటారు, ఇంట్లో నువ్వూ చంటోడూ ఉంటారు. కుక్క కావాలనుకోవడం సబబే. మొన్న బుధవారం దాని పన్ను చంటోడి మణికట్టు దగ్గర గీసుకుందనీ, కాఫీపొడి అద్దారనీ కూడా అంది. ఆ మాట తర్వాత రాస్తాను. ముందు కుక్క సంగతి.

రాట్‌వీలర్ జర్మనీలో పశువుల్ని తోలడానికి, మాంసం బళ్లు లాగడానికి పెంచిన జాతి. పోతు 50 కిలోలు దాటుతుంది. ఇంటివాళ్లని అంటిపెట్టుకునే ఉంటుంది, కానీ చిన్నప్పుడే నలుగురినీ చూపించకపోతే పెద్దయ్యాక పాలబ్బాయి మీదకీ ఎగబడుతుంది. డాబర్‌మ్యాన్ చురుకుది. దానికి గుండె కండరం సాగిపోయే జబ్బు జాతిలోనే ఉంది, బాగున్న కుక్కే ఒకరోజు కుప్పకూలిపోతుంది. జర్మన్ షెపర్డ్‌కీ మీ రాట్‌వీలర్‌కీ తుంటి కీలు సరిగా కూర్చోని జబ్బు వస్తుంది. అందుకే ఏడాది నిండేదాకా మెట్లు ఎక్కి దిగడం, నున్నటి గచ్చు మీద జారడం వద్దు. పెద్దజాతి కుక్కపిల్లల మేత పెడుతున్నప్పుడు పైన కాల్షియం టానిక్కు పోయకండి. బలమని పోస్తారు గానీ, ఎక్కువైన కాల్షియమే ఎదిగే ఎముకని వంకర తిప్పుతుంది. నన్ను ముందే అడిగి ఉంటే మన ఉక్కకి తట్టుకునే రాజపాళయమో, మంచి నాటుకుక్క పిల్లో చూసేవాణ్ణి. తెచ్చాక అనుకోవడం ఎందుకులే.

గీత పడ్డ చోట నెత్తురు చిమ్మిందా అమ్మలూ? చిన్నత్తకి సరిగా తెలీదంది. మూడు నెలల కుక్కపిల్లకి పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. దిగిన చోట చుక్క నెత్తురు రాకుండానే చర్మం తెగి ఉండొచ్చు. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూడు.

అమ్మినవాళ్లు ఇచ్చిన టీకాల పుస్తకం తీసి చూడు. తారీకులు ఉంటే చాలదు, మందు సీసా మీది స్టిక్కరు అంటించి, డాక్టరు సంతకం ఉండాలి. పార్వో, డిస్టెంపర్ అనే అంటుజబ్బులకి కలిపి వేసే టీకా 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వెయ్యాలి. తల్లిపాల రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకా పట్టదు, ఆ రక్షణ ఏ పిల్లలో ఎప్పుడు పోతుందో బయటికి తెలీదు, అందుకే అన్నిసార్లు. పార్వో రాట్‌వీలర్, డాబర్‌మ్యాన్ పిల్లల మీద మరీ ఎక్కువగా పడుతుంది. మేత మానేసి, వాంతులై, నీచుకంపుతో నెత్తురు విరేచనం అయితే పూటకూడా ఆగకు, సెలైన్ ఎక్కించాలి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేలమీద వదలకండి. పిచ్చికుక్క జబ్బు (రేబిస్) టీకా కుక్కపిల్లకి మూడు నెలలకి ఒకటి, మళ్లీ నెలకి ఒకటి, ఆపైన ఏటేటా. లెక్క ప్రకారం మీ కుక్కపిల్లకి అది ఇంకా పడి ఉండదు. పడినా అదే వారంలో పనిచెయ్యదు. నా బెంగ అదే.

ఇక పిడుదులు. మిల్లు తాతయ్యగారి డాబర్‌మ్యాన్ సంగతి నీకు తెలీదు కదూ, నువ్వు కాకినాడలో చదివేటప్పటిది. శ్రావణంలో ఆ కుక్క గంజి ముట్టడం మానేసింది. వేడి చేసిందని రెండురోజులు మజ్జిగ పోశారు. మూడోనాడు ఒళ్లు కాలుతోందని పెద్దబ్బాయి పారాసిటమాల్ బిళ్ల మింగించబోతే తాతయ్యగారే చెయ్యి పట్టుకున్నారు, మనుషుల బిళ్ల డాక్టరుని అడక్కుండా కుక్కకి వెయ్యకూడదు. అయిదోనాడు ముక్కులోంచి నెత్తురు. పైపెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, పొట్ట మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు. నెత్తురు పరీక్షలో పిడుదుల జ్వరమని తేలింది. గడ్డకట్టించే కణాలు అడుగంటాయి. డాక్సీసైక్లిన్ బిళ్లలు రాశారు. కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు, రోజూ, 28 రోజులు. మేత తిన్నాకే వెయ్యాలి, వెనకాల నీళ్లు పట్టాలి. బిళ్ల గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది. మూడోరోజుకే కుక్క లేచి తోకాడించింది. ఎనిమిదోరోజుకి బిళ్లలు ఆపేశారు. దసరా వెళ్లకుండా జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఎముకల్లోని మూలుగే ఎండిపోయి, నెత్తురు ఎక్కించినా నిలవలేదు. తర్వాత చూస్తే మిల్లు గోడ బీటల్లో, తలుపు చట్రం వెనక పిడుదులు గుత్తులు గుత్తులు. ఆ జాతి పిడుదు నెత్తురు తాగి రాలిపోయి, గోడెక్కి పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకి ఎన్ని స్నానాలు పోసినా గోడ వదిలేస్తే లాభం లేదు.

అందుకని రోజూ రాత్రి చెవి మడతలో, మెడపట్టా కింద, వేళ్ల సందుల్లో తడిమి చూడు. దొరికితే వేళ్లతో చిదమకు. పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగి, స్పిరిట్ సీసాలో వెయ్యి. నెలకోటి నమిలే బిళ్లలు వస్తున్నాయి, పిల్ల బరువు చెప్పి డాక్టరు దగ్గరే తీసుకో. గేదెలకి కలిపే పిడుదుల మందు మాత్రం కొలత లేకుండా పుయ్యనివ్వకు. మీ గోడ పగుళ్లు సిమెంటుతో పూడిపించు.

మీ వైపు చేలగట్ల నిండా ఎలుక బొరియలే. ఆ ఎలుకల ఉచ్చ కలిసిన నిలవనీళ్లు తాగితే లెప్టో జ్వరం, కళ్లు పచ్చబడతాయి, కుక్క నుంచి మనుషులకీ వస్తుంది. ఆ టీకా కూడా కలిసి ఉందో లేదో అడుగు. ఎలుకల మందు పెట్టిన గట్టు మీద దాన్ని వదలొద్దు.

మేత పెద్దయ్యాక కూడా రెండు పూటలకి పంచాలి. తినగానే గంటసేపు పరిగెత్తనివ్వకు. ఛాతీ లోతైన జాతులకి కడుపు ఉబ్బి మెలితిరుగుతుంది. వాంతికి డోకుతుంది, ఏమీ రాదు, పొట్ట డప్పులా ఉంటుంది. అప్పుడు గంటలే ఉంటాయి. ఉడికించిన కోడి ఎముకలు, ఉల్లి వేసిన కూర పెట్టకు.

చేత్తో దాన్ని కరిపించి ఆడించడం ఇవాళే మానిపించు. చంటోడి చేతికి బదులు తాడుముడి ఇవ్వు. కరిస్తే ఆట ఆపేసి లేచి వెళ్లిపోండి. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు వాణ్ణి దగ్గరికి పోనివ్వకు. వాడూ కుక్కా ఒంటరిగా ఒక గదిలో ఉండకూడదు, ఎంత మంచి కుక్కయినా సరే.

సరే, అసలు మాట. కాఫీపొడి, పసుపు, సున్నం ఏదీ వద్దు. కొళాయి ధార కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి. అప్పుడు కడగకపోతే ఇప్పుడైనా కడుగు. పైన అయొడిన్ మందు రాసి కట్టు కట్టకుండా వదిలెయ్. నెత్తురు రాని గీతయినా చంటోడికి రేబిస్ టీకా వెయ్యాల్సిందే. చర్మం లోపలికి తెగినా, నెత్తురు వచ్చినా టీకాతో పాటు పుండులోపల, చుట్టూ, వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా పడాలి. మొదటి టీకా రోజే వెయ్యడం మేలు, మొదటి టీకా పడి వారం దాటితే అది వెయ్యరు. కుక్కపిల్లని కట్టేసి పదిరోజులు చూడమంటారు, చూడు. అది బాగానే ఉంటే తర్వాతి డోసుల మాట డాక్టరు చెబుతారు. కానీ ఆ పదిరోజులూ అయ్యాక మొదలుపెడదామనుకోకు. రేబిస్ జబ్బు ఒంట్లో బయటపడితే ఇక వైద్యం లేదు తల్లీ. మీ అత్తగారు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని బెదిరిపోతున్నారేమో. ఆ పాతమందు మనదేశంలో 2005 నుంచి లేదు. ఇప్పుడు భుజానికో తొడకో వేస్తారు, సర్కారు ఆసుపత్రిలో డబ్బులు తీసుకోరు.

ఈ కాగితం వెనక నాలుగు గళ్లు గీశాను: 0, 3, 7, 28. చర్మంలో వేసే పద్ధతి అయితే ఆ రోజులు, మొదటి సూది పడ్డ రోజు 0. కండలో వేస్తే 14 కూడా కలుస్తుంది, గీసుకో. చిన్నాన్న రేపు ఆసుపత్రికి మీతో వస్తాడు, చెప్పి పంపుతున్నాను. మొదటి గడి నింపి, చీటీ ఫోటో తీసి నాకు పంపు. చంటోడు ఏడిస్తే సంచిలో అడుగున తాండ్ర ఉంది, సూది అయ్యాకే ఇవ్వు.

కందని చింతపండు నీళ్లలో ఉడికించు, దురద పట్టదు.

మీ నాన్న