రాత్రి బడి సంగతి

చిన్నీ,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నీ అద్దె గదిలో నీళ్ళ మోటారు బాగు చేయించారో లేదో చెప్పనేలేదు.

మొన్న ఫోన్లో విసుక్కున్నావు చూడు, "బడిలో మీటింగని పిలిస్తే పిల్లల తల్లులు వస్తారు, రిజిస్టర్లో సంతకం పెడతారు, ఫొటో దిగి పనికి పోతారు. నేను నేర్పే కూడికలు, తీసివేతలతో ఈ ఊళ్ళో మారేదేముందమ్మా?" అని. పొయ్యి మీద పాలుండి అప్పుడు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

చదువు ఉద్యోగం కోసం కాదని నీతులు చెప్పను. నీకు డీఎస్సీలో టీచరు పోస్టు వచ్చిన రోజు వీధంతా లడ్డూలు పంచింది నేనే. కానీ ఉద్యోగం ఒక ఇంటిని నిలబెడుతుంది. ఊరికి చదువేం చేస్తుందన్నది వేరే సంగతి. అది నేను కళ్ళారా చూశాను.

1991లో మన నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్ళకి చదువు నేర్పే అక్షర దీపం అనే కార్యక్రమం పెట్టారు. ఆ ఏటి జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద చదువొచ్చిన ఆడవాళ్ళు 32.7 శాతమే. నేను ఇంటర్ అయ్యి ఖాళీగా ఉన్నానని మా వీధి రాత్రి బడికి వాలంటీరుగా వేశారు. జీతం లేదు. రామాలయం అరుగు మీద లాంతరు పెట్టుకుని, అన్నాలు తిని గిన్నెలు కడిగి వచ్చేవాళ్ళ కోసం కూర్చునేదాన్ని. నాట్లు వేసీ వేసీ వేళ్ళు బిరుసెక్కి బలపం నిలిచేది కాదు. ఒకామె గట్టిగా ఒత్తితే పలకే పగిలింది, అందరం ఒకటే నవ్వు! ముందు బొమ్మ చూపించి దాని గురించి మాట్లాడించాలి, అక్షరం ఆ తర్వాత. అసలు పనంతా ఆ మాటల్లోనే జరిగింది.

తాగుబోతు మొగుడితో వేగలేక ప్రాణం తీసుకున్న సీతమ్మ అనే ఆమె కథ ఒకటుండేది పాఠంలో. అది చదివిన రాత్రి ఎవరూ అక్షరాలు దిద్దలేదు. ఎవరింట్లో కూలి డబ్బులు సారా అంగడికి ఎట్లా పోతున్నాయో ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. అంతకుముందు అది ఎవరి కర్మ వాళ్ళది. ఆ అరుగు మీద అందరి లెక్కా ఒకటేనని తేలింది. సారా ప్యాకెట్లు ఇంటి ముందుకే వచ్చే రోజులవి. మంచినీళ్ళ కోసం మటుకు బిందె పట్టుకుని మైలు నడవాలి. "నీళ్ళు రావు గానీ సారా ఎట్లా వస్తుందమ్మే?" అని మీ అమ్మమ్మ అడిగింది. దానికి నా దగ్గర వాచకం తప్ప జవాబు లేదు.

మన జిల్లాలోనే దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం తిరిగారు. వాళ్ళ సంగతి తర్వాత పాఠంగా కూడా ఎక్కింది, అది చదివి పక్క ఊళ్ళు కదిలాయి. 1992లో నెల్లూరులో సారా అమ్మే హక్కుకి పెట్టే వేలం పాటలు జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. తాగుడు పోయిందా అంటే పోలేదు, మన సెంటర్లో బ్రాందీ షాపు నీకూ తెలుసు. ఓడిపోయారని మీ నాన్న అంటారు. నేను ఒప్పుకోను. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి గ్రూపులు మన జిల్లాలో పుట్టాయి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఇంకో సంగతి. అమ్మమ్మకి ఇప్పుడు సంతకం తప్ప ఏమీ రాయడం రాదు. వాడకం లేక అక్షరాలన్నీ మరిచిపోయింది. అయినా గ్రూపు మీటింగులో లీడరు లెక్క చెప్తుంటే, "ఆగు, పోయిన నెల వడ్డీ ఎంతన్నావు?" అని నిలదీసేది ఆమే. అక్షరం పోయినా అడిగే నోరు మిగిలింది. పరీక్ష పెడితే సున్నా వస్తుంది, మీరు మార్కులు ఎక్కించే బడి యాప్‌లో దీనికి గడి ఉండదు కూడా. పదిమంది తమ బాధ బయటికి చెప్పుకుని, దాని లెక్క అడగడానికి ఒక చోటు కావాలి. గుడి అరుగు మీద మగవాళ్ళకి ఎప్పుడూ చోటుంది. ఆడవాళ్ళకి ఆ చోటు చదువు పేరు చెప్తేనే దొరికింది. "బడికి పోతున్నా" అంటే అత్త కూడా ఆపలేదు.

అందుకే చెప్తున్నా, సంతకం పెట్టించి పంపెయ్యకు. ఈసారి మీటింగుకి వాళ్ళ పొదుపు పాసుపుస్తకాలు తెమ్మను. మీ నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని అమ్మ పక్కన కూర్చోబెట్టి అందులో ఎంత కట్టారో, ఎంత బాకీ ఉందో చదివి వినిపించమను. తీసివేతలు ఎందుకో పిల్లలకీ తెలుస్తుంది. ఎక్కడైనా లెక్క కుదరకపోతే తల్లులు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, నువ్వు మధ్యలో దూరి పాఠం చెప్పకు. పనికి పోయే టైములో కాకుండా సాయంత్రం పెట్టు. హెడ్‌మాస్టరుగారు ఒప్పుకోరేమో, ముందుగా అడుగు.

వడ్డీ లెక్క పిల్లలకి కష్టమైతే అసలు, చెల్లించినది, మిగిలినది, ఈ మూడూ చాలు. గోంగూర పచ్చడి బస్సులో వేసి పంపిస్తున్నా, సగం పక్కింటి వాళ్ళకివ్వు.

మీ అమ్మ