టికెట్ కొట్టినాక బస్సు ఆగిపోతే?

సంపాదకులు గారికి,

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. దసరా సెలవులకు వచ్చిన మా మనవడు ఫోన్‌లో బస్సు నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’ అట, 2017లో వచ్చిన గేమ్. రోడ్లన్నీ ఆ దేశానివే. బస్సు మాత్రం మన పల్లె వెలుగు! బోర్డు మీద కర్నూలు–ఎమ్మిగనూరు, వయా కోడుమూరు అని కూడా ఉంది. ఎన్నేళ్లు తిరిగానో ఆ రూట్లో.

‘‘కంపెనీ వాళ్లే ఇచ్చినారా?’’ అంటే, ‘‘లేదు తాతా, ఇది మోడ్, గేమ్‌కు బయటోళ్లు చేసి తగిలించేది. ఎవరో అన్న చేసినాడు, అరవై రూపాయలు కొట్టినా’’ అన్నాడు. బొమ్మ బస్సుకు డబ్బులేమిటని మా అల్లుడు కేకలు వేశాడు. నాకైతే తప్పనిపించలేదు. నిజం బస్సుకైనా ఇంజను, చక్రాలు ఉండే చాసిస్ ఒక కంపెనీది, బాడీ కట్టేది ఇంకో షెడ్డులో. బాడీ కట్టినాయన కూలి అడిగితే ఎవరైనా తప్పుపడతారా? రాత్రిళ్లు మేలుకుని అద్దం, మెట్టు, కడ్డీ ఒక్కొక్కటే గీసిన పిల్లోడిదీ కష్టమే.

కానీ చాసిస్, అంటే అసలు గేమ్, ఎవరిదో మరచిపోకూడదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకూ వర్తిస్తుంది. మోడ్ పెట్టుకోనిచ్చారంటే అమ్ముకోనిచ్చినట్టు కాదు, ఆ అనుమతి వేరుగా ఉండాలి. ఇంకొకరు గీసిన బస్సుకు రంగు మార్చి అమ్మే వాళ్లది మాత్రం ఉట్టి దొంగతనమే.

అనుమతి ఉన్నా పంపకం సరిగ్గా లేకపోతే నిలవదు. 2015 ఏప్రిల్‌లో ‘స్కైరిమ్’ అనే గేమ్‌కు మోడ్‌లను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో అమ్మనిచ్చారని మా పెద్ద మనవడు చెప్పాడు. చేసినవాడికి నూటికి 25, మిగతాది స్టీమ్ వాళ్లకు, గేమ్ కంపెనీకి! ఆటగాళ్లు గోల చేస్తే నాలుగు రోజులకే ఎత్తేశారు. అదే స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ, తన ‘హాఫ్ లైఫ్’ గేమ్‌కు మోడ్‌గా పుట్టిన ‘కౌంటర్ స్ట్రైక్’ను 2000లో హక్కులతో సహా కొని, చేసిన కుర్రాళ్లను పనిలోకి తీసుకుంది. కష్టానికి వెల ఉందని వాళ్లకు తెలియక కాదు.

నాకున్న పేచీ వేరు. టికెట్ కొట్టినాక బస్సు దారిలో చెడిపోతే మేం ప్రయాణికులను వదిలేసి పోయేవాళ్లం కాదు. అదే టికెట్ మీద వెనక వచ్చే బస్సు ఎక్కించేవాళ్లం. కిటకిటలాడుతున్నా సరే, ఆ డ్రైవరు సణిగినా సరే. మా వాడి అరవై రూపాయల బస్సు మొన్న గేమ్ అప్‌డేట్ అయ్యాక తెరుచుకోవడం లేదు. మెసేజ్‌లు పెడితే అమ్మినాయన చూస్తున్నాడు, పలకడం లేదు. ఉచితంగా ఇచ్చినవాణ్ని నేను నిలదీయను. డబ్బు తీసుకున్నవాడు మాత్రం ఏ వెర్షన్‌కు పనిచేస్తుందో, ఎన్నాళ్లు బాగుచేసి ఇస్తాడో ముందే రాసి పెట్టాలి. చేతకాకపోతే డబ్బు వాపసు ఇవ్వాలి.

మా వాడు ప్రస్తుతానికి ఇండోనేషియా బస్సే నడుపుతున్నాడు.

– ఒక విశ్రాంత కండక్టరు, కర్నూలు