ప్రతిభను వేలిముద్రల్లో వెతకడం మానాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పదో తరగతి ఫలితాల కాలం దగ్గరపడే కొద్దీ తిరుపతి, చిత్తూరు పట్టణాల్లోని కొన్ని ప్రైవేటు పాఠశాలల్లో ఒక కొత్త వ్యాపారం కనిపిస్తోంది. పిల్లల పది వేళ్ల ముద్రలను యంత్రం మీద తీసి, ఎవరికి పుట్టుకతో ఏ ప్రతిభ ఎంత శాతం ఉందో లెక్క కట్టి చెబుతామని తల్లిదండ్రుల దగ్గర వేల రూపాయలు వసూలు చేస్తున్నారు. దీనిని జిల్లా విద్యాశాఖ పట్టించుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

వారు చెప్పే కారణం వినడానికి బాగానే ఉంటుంది. గర్భంలో శిశువు వేళ్ల మీద గీతలు పడేదీ, మెదడు రూపుదిద్దుకునేదీ ఒకే కాలంలో కాబట్టి, గీతలను చదివితే మెదడును చదివినట్టేనట. ఆ గీతలు తల్లి కడుపులో ఆరో నెలకల్లా ఏర్పడి జీవితాంతం అలాగే ఉంటాయన్నది నిజమే. అందుకే మనిషిని గుర్తుపట్టడానికి ఆధార్‌లోనూ రేషను దుకాణంలోనూ వాటిని వాడుతున్నాం. అంతమాత్రాన లెక్కల్లో చురుకుదనం, పాటలో జ్ఞానం ఆ గీతల్లో దాగి ఉంటాయనడానికి ఆధారం ఏమీ లేదు. భారతీయ మానసిక వైద్యుల సంఘం ఈ పరీక్షకు శాస్త్రీయత లేదని బహిరంగంగానే ప్రకటించింది. వారు ఇచ్చే నివేదికలో కనిపించే ‘సంగీత ప్రజ్ఞ’, ‘భాషా ప్రజ్ఞ’ వంటి మాటలు అమెరికా మనోవైజ్ఞానికుడు హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి తెచ్చుకున్నవి. ఆ సిద్ధాంతం మీదే పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, పైగా దానికీ వేలిముద్రలకూ సంబంధమే లేదు. విచిత్రమేమిటంటే, నా కంటబడిన నివేదికలన్నీ చివరికి ఎంపీసీ వైపే వేలు చూపించాయి.

డబ్బు పోతే పోయింది, పాటలో నీకు శక్తి తక్కువని అచ్చువేసిన కాగితం చూసిన పదిహేనేళ్ల పిల్ల ఇక ఆ వైపు అడుగు వేయదు. ఒకరిలో ఏముందో పని చేయించి చూస్తే తప్ప ఆ మనిషికే తెలియదన్నది బడిలో జీవితం గడిపిన నా అభిప్రాయం.

అలా చేయించి చూడటానికి మనకున్నంత వసతి చాలా జిల్లాలకు లేదు. శ్రీకాళహస్తి కలంకారీ సంగతే చూడండి. కరక్కాయ రసం, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన కసింలో వెదురు కలం ముంచి బొమ్మ గీస్తారు. కరక్కాయలోని వగరు తగలగానే ఆ ద్రవం నల్లబడి గుడ్డను పట్టేస్తుంది, ఇక చెరపడం కుదరదు. మచిలీపట్నంలో మాదిరి అచ్చు దిమ్మెలు ఉండవు కనుక గీత మొత్తం చేతి మీదే ఆధారపడుతుంది. ఒక పూట అక్కడ కూర్చోబెడితే ఎవరికి చెయ్యి నిలకడగా ఉంది, ఎవరు ముందే ఆలోచించి గీస్తున్నారు, ఎవరు గీత తప్పినా దాన్నే ఒక ఆకుగా మలిచి ముందుకు సాగుతున్నారు అన్నది గమనించే ఉపాధ్యాయుడికి తేటగా కనిపిస్తుంది. ఆ పిల్ల కలంకారీ కళాకారిణే కావాలని నేను అనడం లేదు. ఆ నిలకడ రేపు శస్త్రచికిత్సకు పనికి రావచ్చు, యంత్రాల నమూనాలు గీయడానికీ పనికి రావచ్చు. మాధవమాల కొయ్య శిల్పుల దగ్గరా, తిరుపతిలోనే దేవస్థానం వారి శిల్ప కళాశాలలోనూ, సంగీత నృత్య కళాశాలలోనూ ఇటువంటి అవకాశాలే ఉన్నాయి. మోటారు మెకానిక్ షెడ్డునూ, నర్సరీనీ తక్కువగా చూడనక్కర్లేదు.

ఇదేమీ నా కల్పన కాదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో ప్రతి విద్యార్థీ పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడి వంటి స్థానిక నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. ఆ పది రోజులను ఉపన్యాసాలతోనూ ఫొటోలతోనూ సరిపెట్టకూడదు. తొమ్మిది, పది తరగతుల వారికి సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తయారు చేసిన ‘తమన్నా’ అనే సహజ సామర్థ్య పరీక్ష కూడా ఉంది. ఏడు అంశాల్లో సామర్థ్యాన్ని చూసే ఆ పరీక్షలో ఉత్తీర్ణత, అనుత్తీర్ణత అనేవి లేవు. అదే సర్వస్వమని కాదు గాని, వేళ్ల గీతలతో పోలిస్తే నూరు రెట్లు నయం.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. చేతిపనిలో రాణించే పిల్లవాణ్ణి చదువు రానివాడిగా లెక్కగట్టే అలవాటు మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. బడి వాళ్లు ఎంత బాగా గుర్తించి చెప్పినా, ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ పిల్లవాడు తన బలాన్ని దాచుకోవడం నేర్చుకుంటాడు. ఇటువంటి వారిని నేను చాలామందినే చూశాను.

కనుక తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖ అధికారులు బడి ఆవరణల్లో ఈ వేలిముద్రల పరీక్షలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. సంచి లేని పది రోజుల్లో ఏ పిల్లవాడు ఏ పనిలో చెప్పకుండానే మళ్లీ మళ్లీ చెయ్యి పెట్టాడో, దేన్ని త్వరగా పట్టుకున్నాడో, ఏది చెడినా వదలకుండా మళ్లీ మొదలుపెట్టాడో తరగతి ఉపాధ్యాయుడు రాసి ఉంచే పద్ధతి పెట్టాలి. పదో తరగతి దాకా కొనసాగిన ఆ రాతను ఇంటర్మీడియట్ ప్రవేశాలు మొదలయ్యే లోపు, మార్కుల జాబితాతో పాటు తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.