ఆ రెండు సాయంత్రాల స్టేక్ గురించి

సోమవారం నుంచి గురువారం వరకు రాత్రి భోజనం మా దగ్గర తీసుకెళ్ళే అందరికీ,

మధ్యధరా స్టేక్ బౌల్ రెండు వారాలుగా ఎందుకు లేదని చాలామంది అడుగుతున్నారు. దాన్ని ఆపేసిన బుధవారం రాత్రి మీ ఫోన్లకు నాలుగు వాక్యాల సందేశం పంపాను. "సరుకులో తేడా వచ్చింది, సోమ, మంగళవారాల్లో స్టేక్ తిన్నవారు ఒంట్లో నలతగా ఉంటే డాక్టరుకు చెప్పండి, డబ్బు తిరిగి ఇస్తాం" అన్నాను. మిమ్మల్ని భయపెట్టడానికి అది చాలింది కానీ, ఏం జరిగిందో తెలియడానికి చాలలేదు. ఇప్పుడు తీరికగా, దాపరికం లేకుండా చెబుతాను.

మేం వాడేది ఫ్లాంక్ స్టేక్ అనే బీఫ్ ముక్క. పశువు పొట్ట కింది కండ అది. ఒక్కో పక్క ఒకటి చొప్పున పశువుకు రెండే వస్తాయి. కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. పొడుగునా పరిచిన దారాల్లా ఆ పీచు కంటికే కనిపిస్తుంది. దాని వెంట కోస్తే తాడు నమిలినట్టే ఉంటుంది. పీచుకు అడ్డంగా, కత్తిని కాస్త వాల్చి పల్చగా కోస్తే దారాలన్నీ పొట్టివైపోయి ముక్క పంటికి లొంగుతుంది. ఈ కోత చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది. అవును, గొప్ప చెప్పుకుంటున్నాను. ఇక ముందు రాసేదాంట్లో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు, అందుకే ఇక్కడే కానిచ్చేస్తున్నాను.

ఆ వారం సోమవారం రాత్రి ఎనిమిది దాటాక ఫోను మోగడం మొదలైంది. "ఈరోజు స్టేక్ వెన్నలా ఉంది" అని ఒకరు. "పిల్లాడు మొదటిసారి ముక్క వదలకుండా తిన్నాడు" అని ఇంకొకరు. పళ్ళు కట్టించుకున్నప్పటి నుంచి చికెన్ బౌల్‌కు మారిపోయిన బాబాయి గారైతే, కోడలి బౌల్‌లోంచి నాలుగు ముక్కలు తిన్నానని, రేపటి నుంచి మళ్ళీ స్టేకే కావాలని స్వయంగా ఫోను చేసి చెప్పారు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఈ వంటగది తెరిచి మూడేళ్ళు. ఒక్క రాత్రిలో ఇన్ని మెచ్చుకోళ్ళు ఎప్పుడూ రాలేదు. మంగళవారం ఇంకా ఎక్కువ వచ్చాయి. నేను ఊరుకోలేదు. "అంతా కత్తి పనితనం అండీ" అని ఒక్కొక్కరికీ జవాబు రాశాను. ఆ జవాబులు మీలో పదకొండు మంది ఫోన్లలో ఇప్పటికీ ఉంటాయి.

బుధవారం ఉదయం కిటికీ పక్కన నిలబడి మాంసానికి ఉప్పు పట్టిస్తున్నాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. ముక్క మీద వరుసగా సన్నటి గాట్లు కనిపించాయి, దారం ఎక్కించడం మరిచిపోయిన కుట్టుమిషను గుడ్డ మీద నడిచిపోయినట్టు. తిప్పి చూస్తే అటువైపూ అవే. ఇంకో ముక్క తీశాను, ఇంకోటి తీశాను. అన్నిటికీ ఉన్నాయి. పెనం మీద ఒకసారి కాలాక అవి కనిపించవు. సోమ, మంగళవారాల్లో మబ్బు పట్టి ఉంది, నేనూ తొందరలో ఉన్నాను. ఇది సమర్థించుకోవడం కాదు, ఎలా తప్పిపోయిందో చెబుతున్నాను.

వాటిని యంత్రంతో మెత్తబరచిన ముక్కలంటారు. సన్నటి సూదులో, బ్లేడ్లో ఉన్న యంత్రం కిందికి మాంసాన్ని తోస్తే అది పీచును లోపలే తెంపేస్తుంది. మాంసం మెత్తబడుతుంది. దొంగ పని కాదు, ఈ దేశంలో మామూలుగా జరిగేదే. కాకపోతే దానితో ఒక చిక్కుంది. ముక్క చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కడుపులో జబ్బు తెచ్చే ఇ.కొలై (E. coli) లాంటి సూక్ష్మజీవులు ఏమైనా ఉంటే పైపైనే ఉంటాయి, భగభగమండే పెనం వాటి పని పడుతుంది. అందుకే లోపల గులాబీ రంగు ఉన్నా తింటారు. సూది గుచ్చారంటే పైన ఉన్నది లోపలికి చేరుతుంది. అప్పుడు లోపల గులాబీ రంగు ఉంచడం రుచికి సంబంధించిన మాట కాదు. అమెరికా ఆహార నియమావళి నమూనాలో ఇలాంటి మాంసాన్ని హోటళ్ళు లోపలిదాకా 155 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తెచ్చి కనీసం 17 సెకన్లు ఉంచాలని ఉంది. నేను ఆ రెండు రోజులూ ఎప్పటిలాగే 135 దగ్గర దించాను. మొత్తం 58 బౌళ్ళు.

ఇలాంటి మాంసం మీద ఆ సంగతి రాసి తీరాలని, ఎలా వండాలో కూడా ముద్రించాలని 2016 మే నుంచి ఇక్కడ నిబంధన ఉంది. చెత్తబుట్ట పక్కన మడిచి పెట్టిన అట్టపెట్టెలు తీసి చూశాను. ఉంది. బ్లేడుతో మెత్తబరచినది అని స్పష్టంగానే ఉంది. సరఫరాదారు పెట్టె మీద దాచలేదు. నాకు మాత్రం చెప్పలేదు. రసీదులో ఎప్పుడూ ఉండే సరుకు పేరు పక్కన, బదులుగా వేరేది పంపామని తెలిపే రెండక్షరాల సంకేతం ఉంది. దాని కింద నా సంతకం ఉంది. మూడేళ్ళుగా అదే పెట్టె, అదే డ్రైవరు, అదే వేళ. తూకం చూసుకున్నాను, చల్లదనం చూసుకున్నాను, చదవలేదు. అంతవరకు తప్పు నాది.

మిగతాది నాది కాదు. ఫోను చేస్తే ఆ సరఫరాదారు మొదట అన్నమాట: "మీ కస్టమర్లకు నచ్చిందా లేదా?" నచ్చిందని చెప్పాల్సి వచ్చింది. అబద్ధం ఆడలేను కదా. "మరి గొడవేమిటి? అందరూ ఇదే వాడుతున్నారు. పౌనుకు డాలరు తగ్గిస్తాను, ఇక మీదట ఇదే తీసుకోండి" అన్నాడు. మాంసం ఎందుకు మార్చావు అంటే కొరత అన్నాడు. కొరత నిజమే. 2025 జనవరి లెక్కలో దేశం మొత్తం మీద పశువులు 8 కోట్ల 67 లక్షలు, అప్పటికి 1951 తరవాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ఏళ్ళ తరబడి కరవుకు పచ్చిక లేక రైతులు దూడలను ఈనే ఆవులను కూడా అమ్ముకున్నారు. దానికి తోడు, పశువుల పుండ్లలో చేరి మాంసం తినే స్క్రూవర్మ్ పురుగు భయంతో మెక్సికో నుంచి వచ్చే పశువులను అదే ఏడాది మే నెలలో సరిహద్దు దగ్గర ఆపేశారు. ఇవన్నీ నాకు తెలుసు. నేను అడిగింది పశువుల గురించి కాదు. పంపే ముందు ఒక్క ఫోను ఎందుకు చేయలేదని అడిగాను. మూడేళ్ళలో ఒక్క చెల్లింపు కూడా ఆలస్యం చేయని మనిషిని. దానికి జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అసలు తలనొప్పి ఆ తరవాత. ఫ్రిజ్‌లో ఇంకా 44 పౌన్ల మాంసం ఉంది. అది పాడైన సరుకు కాదు, నియమం ప్రకారం 155 దాకా కాల్చి అమ్మితే ఎవరూ తప్పు పట్టలేరు. మా ఆయన అదే అన్నారు. నమ్మలేక ఒక ముక్క అలాగే కాల్చి చూశాను. నిజం చెప్పాలంటే బాగుంది. 155 దాకా కాల్చినా నమలడానికి హాయిగా ఉంది. మామూలు ఫ్లాంక్ ఆ వేడికి చెప్పు తోలైపోతుంది. అంటే మెత్తగానూ ఉంటుంది, చవకగానూ ఉంటుంది, బాగా కాల్చి ఇవ్వమని మూడేళ్ళుగా అడుగుతున్న అన్నయ్యల కోరికా తీరుతుంది. నా కత్తితో పని లేకుండా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒంటిగంటకు లేచి కాగితం మీద లెక్క వేశాను, రెండింటికి చించాను. ఇది ఆరోగ్యం గురించిన పట్టుదలా, లేక పదకొండు మందికి కత్తి పనితనం అని రాసుకున్నందుకు తగిలిన దెబ్బా అని నన్ను నేను అడిగాను. రెండూ ఉన్నాయి. ఏది ఎంత పాలో తేల్చుకోలేకపోయాను. గుంటూరులో ఉన్న అమ్మకు ఫోను చేశాను, అక్కడ అప్పటికి మధ్యాహ్నం. అంతా విని, "నువ్వు వండేటప్పుడు దాన్ని చూసి భయపడతావా లేదా, అది చెప్పు" అంది. ఆ నెలంతా ప్రతి ముక్కలోనూ వేడి కొలిచే పుల్ల గుచ్చి, కొలిచింది చాలదేమోనని మళ్ళీ గుచ్చుతూ గడపాల్సి వస్తుందని అప్పుడు తోచింది. విప్పని పెట్టెలను మర్నాడు వెనక్కి పంపేశాను. విప్పిన పెట్టె వాళ్ళు తీసుకోలేదు. అందులోని మాంసాన్ని ముక్కలు చేసి, కుక్కరులో ఉడికించి, మిరియాలు, అల్లం, కరివేపాకు వేసి వేపుడు చేసుకుని ఇంట్లో నాలుగు రోజులు తిన్నాం. సూది గుచ్చినా గుచ్చకపోయినా ఆ వేడికి ఇ.కొలై మిగలదు.

బుధవారం సందేశం పంపాక 58 బౌళ్ళ లెక్కన ప్రతి ఇంటికీ ఫోను చేశాం. ఇ.కొలై లక్షణాలు సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో బయటపడతాయి, పది రోజుల దాకా పట్టవచ్చు. పదకొండో రోజున మళ్ళీ అందరికీ చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. డబ్బు అందరికీ వెనక్కి వేశాం. బాబాయి గారు మాత్రం, "అంత బాగున్నదానికి డబ్బు వెనక్కి ఇవ్వడమేమిటమ్మా" అన్నారు. ఆయన మాట నన్ను ఓదార్చలేదని ఆయనకు తెలియకపోవచ్చు.

బౌల్‌లో మిగతావేవీ మారవు. అదే దొడ్డు బల్గర్, అదే కీరా, టమాటా, పార్స్లీ, పుదీనా, నల్ల ఆలివ్‌లు, ఫెటా చీజ్. గోధుమ రవ్వకూ బల్గర్‌కూ తేడా ఏమిటని అడిగేవారికి మరోసారి: గోధుమలను ముందే ఉడకబెట్టి, ఎండబెట్టి, పగలగొడితే బల్గర్. మన ఉప్పుడు బియ్యం ఎలాగో ఇది అలాగ. అందుకే పొడిపొడిగా ఉంటుంది. పచ్చి రవ్వతో చేస్తే ఉప్మా అవుతుంది, తినబుద్ధి అయ్యే ఉప్మానే, కానీ నిమ్మరసం, ఆలివ్ నూనె పీల్చుకోదు. పక్కన ఇచ్చే గ్రీకు పెరుగు పచ్చడికి తాలింపు పెట్టమని అడగకండి. పెట్టను. శనగల బౌల్, చికెన్ బౌల్ ఎప్పటిలాగే వేరే పెనం మీద, వేరే బల్ల మీద. బీఫ్ తినని ఇళ్ళవారికి ఆ విషయంలో మొదటి రోజు ఇచ్చిన మాట అలాగే ఉంది.

కొత్త సరఫరాదారు దొరికాడు. చిన్న దుకాణం, తండ్రీకొడుకులు నడుపుతున్నారు. సూది తగలని ముక్కలే పంపుతామని, మార్చాల్సి వస్తే ముందు రోజు సాయంత్రంలోగా చెబుతామని కాగితం మీద రాసి ఇచ్చారు. నేనూ ప్రతి పెట్టె లేబుల్‌ను చదివి, ఫొటో తీసి దాచుతున్నాను. వాళ్ళ ధర ఎక్కువ. స్టేక్ బౌల్ 15 డాలర్ల నుంచి 17 అవుతుంది. ముక్కల తూకం తగ్గించి పాత ధరే ఉంచవచ్చని లెక్క చెప్పింది. నాకు మనసొప్పలేదు. వారానికి నాలుగు రోజులు కాక సోమ, బుధవారాలు మాత్రమే ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు ఇవ్వగలిగింది అంతే.

బాగా కాల్చి ఇవ్వమని అడిగేవారికి జవాబు మారలేదు, అలా ఇవ్వను. ఇళ్ళలో వండుకునేవారికి ప్రభుత్వం చెప్పే అంకె 145 డిగ్రీలు, దించాక మూడు నిమిషాల విరామం. నేను దించేది 135 దగ్గర. ఆ హెచ్చరిక రసీదు మీద మొదటి నుంచీ ఉంది, ఇక నుంచి మూత మీద కూడా తెలుగులో ఉంటుంది. గర్భిణులకు, పసిపిల్లలకు, పెద్ద వయసువారికి, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం స్టేక్ అమ్మను, చికెన్ తీసుకోండి. బాబాయి గారూ, మీరు కూడా.

ఇంట్లో మీకు నచ్చినంత కాల్చుకుంటామంటే ముక్కను పచ్చిగానే ఇస్తాను. ముందు రోజు రాత్రే ఉప్పు రాసి ఫ్రిజ్‌లో ఉంచండి. వెల్లుల్లి, ఒరెగానో, మిరియాలు, ఆలివ్ నూనె వండే ముందు పట్టించండి. నిమ్మరసం చివర్లో పిండాలి, రాత్రంతా నానిస్తే పైపొర పిండిలా అయిపోతుంది. ఇనుప పెనం పొగలు వచ్చేదాకా కాలాలి. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. మందం బట్టి ఇది మారుతుంది కనుక గడియారం కన్నా వేడి కొలిచే పుల్లను నమ్మండి. దించి పది నిమిషాలు ముట్టుకోకండి. పీచు ఎటు పోతోందో చూసుకుని, దానికి అడ్డంగా కోయండి.

వచ్చే సోమవారం నుంచి మళ్ళీ మొదలు. ఆదివారం రాత్రి 9 లోపు చెప్పండి, సాయంత్రం 5:30 నుంచి 7:30 మధ్య వచ్చి తీసుకెళ్ళండి. ఆ రెండు సాయంత్రాల్లో తిన్నంత మెత్తగా మాత్రం ఉండదు. నమలడానికి కాస్త పని ఉంటుంది.