డైనమో విప్పే ముందు ఆ సన్న వైరు చూడు

విజయవాడ,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదమ్మా. కొత్త డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటరు) వేసి పంపిన కారు మూడో రోజే మళ్లీ బ్యాటరీ లైటుతో తిరిగొచ్చిందనీ, అందరి ముందూ నిన్ను నిలబెట్టి అడిగారనీ చెప్తూ మధ్యలో ఆగిపోయావు. ఆ ఆగడం ఎందుకో నాకు తెలుసు. ఫోన్లో చెప్తే సగం వినపడదు, మిగతా సగం గుర్తుండదు. అందుకే షెడ్డు మూసేశాక కూర్చుని రాస్తున్నాను. జేబులో పెట్టుకుని వెళ్లు, రేపు ఆ కారు బానెట్ ఎత్తాక తీసి చూసుకో.

స్కానర్‌లో పీ0625 అనే తప్పు కోడ్ వచ్చిందన్నావు. డైనమో పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పడం లేదు. ఫీల్డ్ టెర్మినల్ సర్క్యూట్‌లో సిగ్నల్ ఉండాల్సిన దానికన్నా తక్కువ కనిపిస్తోందని మాత్రమే చెప్తోంది. సర్క్యూట్ అంటే డైనమో ఒక్కటే కాదు కదా. ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, దగ్గర బయల్దేరిన సన్న వైరు, దారిలో జాయింట్లు, ఇంజిన్ పక్కన కప్లర్, అందులో పిన్నులు, డైనమో లోపల వోల్టేజీని అదుపు చేసే కటౌట్, కార్బన్లు, ఫీల్డ్ కాయిల్, ఆఖర్న ఎర్త్. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా ఆ కోడే రావచ్చు. పీ0620 మొత్తం కంట్రోల్ సర్క్యూట్‌ది, 0621 ల్యాంపు వైరుది, 0622 ఫీల్డ్ కంట్రోల్‌ది, 0626 నీ కోడ్‌కి తిరగేసింది, సిగ్నల్ ఎక్కువైతే వస్తుంది. తప్పు వైరులో ఉందా వస్తువులో ఉందా అన్నది స్కానర్ తేల్చదు. మీటరు పెట్టి మనమే తేల్చాలి.

ఆ సన్న వైరుకి ఇంత విలువ ఎందుకో చెప్తాను. డైనమోలో తిరిగే ఫీల్డ్ కాయిల్‌కి వెళ్లేది మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు. ఆ కాస్తా ఎక్కువ తక్కువ చేస్తేనే బయటికొచ్చే 80, 90 ఆంపియర్లు అదుపులో ఉంటాయి. నేను పని నేర్చుకున్న రోజుల్లో చాలా బళ్లలో తాళం తిప్పగానే ఆ మొదటి కరెంటు డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు బల్బు గుండానే వెళ్లేది. బల్బు మాడిపోతే ఇంజిన్ బాగా రేజ్ చేస్తే తప్ప చార్జింగ్ ఎత్తుకునేది కాదు. చిన్న బల్బు మార్చి డైనమో బాగు చేశానంటే ఓనర్లు నమ్మేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ పని ఈసీఎం చేస్తోంది, ఎంత చార్జ్ చేయాలో సిగ్నల్ పంపి చెప్తోంది.

నీకు ఇప్పటిదాకా చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు పుట్టక ముందు, ఒక వేసవిలో, నూజివీడు మామిడికాయలు తోలే వ్యాను ఒకటి మన షెడ్డుకి వచ్చింది. రాత్రిపూట లైట్లు మసకబారుతున్నాయన్నాడు డ్రైవరు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాను, 12.1. కప్లర్ విప్పి వైరు మీద పెట్టాను, 12 వోల్టులు నిక్షేపంగా వస్తున్నాయి. ఇంకేముంది, డైనమో పోయిందని చెప్పి వేరేది వేసి డబ్బు తీసుకున్నాను. నాలుగో రోజు రాత్రి హనుమాన్ జంక్షన్ దగ్గర బండి ఆగిపోయింది. కాయల లోడుతో తెల్లారేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాడాయన. పొద్దున్నే ఎవరి బండికో కట్టి లాక్కొచ్చాడు. ఒక్క మాట అనలేదు. నేను కప్లర్ దగ్గర ఆ వైరు పట్టుకుని కొంచెం లాగితే చేతిలోకి ఊడొచ్చింది. పైన రబ్బరు కొత్తదానిలా మెరుస్తోంది. బ్లేడుతో గీసి చూస్తే లోపల రాగి అంతా చిలుము పట్టి పచ్చటి పొడి అయిపోయింది. ఒక్క పోగు మిగిలుంది, వెంట్రుక లావున.

ఆ ఒక్క పోగే మీటరుకి 12 వోల్టులు చూపించింది. మీటరు కరెంటు లాగదు కాబట్టి పోగు చాలు. ఫీల్డ్ కాయిల్ కరెంటు లాగేసరికి ఆ పోగు దగ్గరే వోల్టేజీ అంతా పోయింది. మూలన పడేసిన ఆయన పాత డైనమోనే మళ్లీ బిగించి, జానెడు వైరు మార్చాను. నేను తీసుకున్న డబ్బు తిరిగిచ్చేశాను. మెత్తబడిపోయిన కాయలకి మాత్రం ఏమీ ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి బల్బు లాంటి కరెంటు లాగే లోడు పెట్టి కొలవకుండా ఏ డైనమో విప్పలేదు.

ఇక రేపటి పని. ముందు బ్యాటరీ చూడు. రాత్రంతా నిలబడిన బండికి 12.6 దగ్గర ఉండాలి. 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టే, చార్జ్ చేసి గానీ మొదలుపెట్టకు. బ్యాటరీ దిగిపోయిన బండి మీద తీసిన కొలతలు నమ్మడానికి లేదు. తర్వాత బెల్టు. ఇంజిన్ ఆపి ఉండగా డైనమో వెనక లావు వైరు బోల్టు మీద బ్యాటరీ వోల్టేజీ ఎప్పుడూ ఉండాలి, లేకపోతే బ్యాటరీ పక్కనున్న పెద్ద ఫ్యూజ్ చూడు. ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఆ బోల్టుకీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య కొలువు. 0.2, 0.3 దాటితే లావు వైరులోనో జాయింటులోనో పోతోంది. డైనమో బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కూడా అలాగే చూడు. ఇంజిన్ ఎర్త్ పట్టీని చాలామంది వదిలేస్తారు, వానల్లో తిరిగే బళ్లకి అదే ముందు పోతుంది.

ఇంజిన్ నడుస్తుంటే 12.8 మాత్రమే ఉందని మీ ఫోర్‌మన్‌గారు డైనమో మార్చమన్నారన్నావు. అది ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదమ్మా. ఇప్పటి కార్లలో చాలావాటికి బ్యాటరీ నెగటివ్ మీద కరెంటు సెన్సర్ ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఈసీఎం కావాలనే చార్జింగ్ తగ్గిస్తుంది, కాలు తీయగానే పెంచుతుంది. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి ఈసీఎం ఎంత అడుగుతోందో, డైనమో ఎంత ఇస్తోందో పక్కపక్కన చూడు. అడిగిందే తక్కువైతే ఇచ్చేదీ తక్కువే. లిన్ లైను, అంటే ఈసీఎం డైనమోతో మాట్లాడే ఒంటి డేటా వైరు, మీద నడిచే డైనమో అయితే ఇంకోటి గుర్తుంచుకో: లైను తెగినా చాలా డైనమోలు తమంతట తాము ఒక స్థిరమైన వోల్టేజీకి చార్జ్ చేస్తూనే ఉంటాయి. లైటు వెలుగుతూ చార్జింగ్ బాగుంటే నా అనుమానం ముందు ఆ లైను మీదికే పోతుంది.

అసలు పని సన్న వైరు దగ్గరే ఉంది. ముందు వైరింగ్ డయాగ్రం తీసి ఏ రంగు వైరు ఏ పిన్నుకి వెళ్తోందో కాగితం మీద రాసుకో. బ్యాటరీ నెగటివ్ తీసేయ్. డైనమో కప్లర్, ఈసీఎం కప్లర్ రెండూ విప్పు. పిన్నుల్ని టార్చి వేసి చూడు, ఒకటి వెనక్కి జరిగి ఉంటే కంటికే తెలుస్తుంది. ఆ వైరుకీ బాడీకీ మధ్య మీటరు ఓమ్స్‌లో పెట్టు, ఓపెన్ (కనెక్షన్ లేదని) చూపించాలి. చూపించలేదంటే ఎక్కడో బాడీకి తాకుతోంది, నీ కోడ్‌కి అది సరిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ కింద, బ్రాకెట్ల అంచుల దగ్గర వెతుకు, ఎలుక కొరికినా అక్కడే కొరుకుతుంది. ఓపెన్ అయితే ఆ వైరుకి బయటి బ్యాటరీ నుంచి, మధ్యలో ఫ్యూజ్ పెట్టి, 5 వాట్ల బల్బు వెలిగించు. వెలుగుతుండగా వైరింగ్ పొడుగునా చేత్తో ఊపుకుంటూ వెళ్లు. బల్బు మినుకుమన్న చోట ఆగి టేపు విప్పు. ఈసీఎం కప్లర్ పెట్టి ఉండగా మాత్రం ఆ వైరు మీద బల్బు పెట్టకు. పోయేది ఈసీఎం.

వైరు బాగుందని తేలితే అప్పుడు కొత్త డైనమో పార్ట్ నంబరు పాతదానితో సరిచూడు. బోల్టులూ కప్లరూ సరిపోయినా లోపలి కటౌట్ ఈ కారు ఈసీఎంతో మాట్లాడే రకం కాకపోవచ్చు. అదీ సరిపోయి, సిగ్నల్ డైనమో దాకా వస్తుంటే డైనమోని అనుమానించు. ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూడు, అర వోల్టు దాటితే ఏసీని డీసీగా మార్చే డయోడ్‌లలో తేడా ఉంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లాగి చార్జింగ్ చూసేవాళ్లు మీ వర్క్‌షాపులోనూ ఉండే ఉంటారు. నువ్వు చెయ్యకు, నీ ముందు చెయ్యనివ్వకు. ఆ క్షణాన డైనమో నుంచి లేచే వోల్టేజీ ఒక్కోసారి వంద దగ్గరికి పోతుంది, కారులో కంప్యూటర్లన్నీ ఒక్క దెబ్బకి పోవచ్చు.

ఫోర్‌మన్‌గారితో వాదన పెట్టుకోకు. కొలిచినవన్నీ కాగితం మీద వరసగా రాసి ఆయన చేతికివ్వు. తీసేసిన పాత డైనమో ఎక్కడుందో అడిగి, దాన్ని తుక్కులో వేయకుండా ఉంచమని చెప్పు. దానిలో ఏ తప్పూ లేకపోవచ్చు, అది ఆ కారాయన డబ్బు.

నా టెస్ట్ ల్యాంపు రేపు పొద్దున్నే ఆర్టీసీ కార్గోలో వేస్తాను. నెగటివ్ క్లిప్పు స్ప్రింగు కొంచెం లూజు. ముందు నేరుగా బ్యాటరీ మీద పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కారు మీద పెట్టు.

ఇట్లు,
నాన్న